జీడి గుర్తు కింద చుక్క

మా ఇంట్లో ఎవరి బట్టలకీ గుర్తు ఉండదు. జగ్గయ్యపేటలో మా అమ్మ ఉతికే ప్రతి ఇంటి బట్టకీ ఉంటుంది. పంచె అయితే అంచు చివర, చొక్కా అయితే కాలరు లోపల, చీర అయితే కట్టుచెంగు మూల, గోరంత నల్లటి గుర్తు. రెండు నిలువు గీతలు, గీతకు కొక్కెం, మూడు చుక్కలు, అలా ఒక్కో ఇంటికి ఒక్కోటి. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో గుర్తు పెట్టి, పైన కాస్త సున్నం అద్దుతుంది. ఇక బట్ట చిరిగేదాకా అది పోదు. వేలికి తగిలితే పుండు పడుతుంది కాబట్టి ఆ పని నన్ను ఎప్పుడూ చెయ్యనివ్వలేదు. చిన్నప్పుడు నా గౌనుకు కూడా ఒకటి పెట్టమని ఏడిస్తే, "పైవాళ్ళ బట్టలకి పెడతారే గుర్తు. మనకెందుకు?" అని నవ్వింది.

నేను వెబ్ అప్లికేషన్లకు స్క్రీన్లు కడతాను. హైదరాబాదులో ఆరేళ్ళు అదే పని చేశాను. కంపెనీ మా జట్టు మొత్తాన్ని ఒకే మెయిలుతో ఇంటికి పంపాక పేటకి వచ్చి అమ్మ దగ్గర ఉంటున్నాను. అప్పుడే కాలేజీలో నా పక్క బెంచీ స్నేహితురాలు ఫోన్ చేసింది. కంచికచర్ల దగ్గర కాలేజీలో నాలుగేళ్ళు ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళం. ఆమెది నందిగామ. వాళ్ళ నాన్నగారి బట్టల కొట్టు మేడ మీద ఆఫీసు పెట్టి, అపార్టుమెంట్లలో మాసిన బట్టలు తీసుకుని, ఉతికించి, ఇస్త్రీ చేయించి తిరిగి ఇచ్చే అప్లికేషన్ మొదలుపెట్టింది. ఉతికేది ఊళ్ళలో ఉన్న మా బోటి కుటుంబాలే. "నువ్వొస్తే మనిద్దరిదీనే. మీ అమ్మగారిలాంటి వాళ్ళకి పని దొరుకుద్ది, నీకు నీ పని దొరుకుద్ది" అంది. వెళ్ళాను. చిల్లకల్లు దగ్గర బస్సెక్కితే ఎంతసేపు, నందిగామ.

వెళ్ళిన మొదటి వారంలోనే ఒక గొడవ మా మెడకు చుట్టుకుంది. బట్టలకు కాగితం చీటీలు తగిలించేవాళ్ళు, బ్లాకు నంబరు, ఫ్లాటు నంబరు వేసి. వేడినీళ్ళలో ఆ చీటీలు ఊడిపోయేవి. ఒకాయన ప్యాంటు ఇంకొకాయన ఇంటికి, ఒకావిడ జాకెట్టు మూడో అంతస్తుకి వెళ్ళి ఫోన్లలో శాపనార్థాలు. స్క్రీన్ మీద చూస్తే నెట్‌లో దొరికే ఐకాన్ల కట్టలోంచి తీసిన చొక్కా బొమ్మ, బుడగల బకెట్ బొమ్మ, అందరికీ అవే. అందరి ఇంటికీ ఒకే చొక్కా బొమ్మ పెడితే ఎవరి చొక్కా ఎవరిదో ఆ దేవుడే చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ మూడో తరగతితో ఆపేసిన మనిషి, రెండు వందల ఇళ్ళ బట్టలు ఒకే కుప్పలో పోసినా ఒక్క జేబురుమాలు తప్పిపోనివ్వదు. ఆమె దగ్గర ఉన్న గుర్తుల్నే ఐకాన్లు చేసి, అపార్టుమెంట్ల ఇళ్ళకూ అలాంటివే పెడదామన్నాను. నా స్నేహితురాలు కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకుంది.

అమ్మ ఒప్పుకోలేదు. మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది, ఏ ఇంటి గుర్తు ఆ ఇంటివాళ్ళకు విప్పి చెప్పకూడదు. ఎందుకో నాకు అప్పటిదాకా తెలియదు. అడిగితే అమ్మే చెప్పింది. ఆ గుర్తులు పెట్టింది మా ముత్తాతలు. కాలు ఈడ్చి నడిచే ముసలాయన ఇంటికి వంకర గీత. ప్రతి మడతకీ వంక పెట్టే ఇంటికి కొక్కెం. పోట్లాడుకునే అత్తాకోడళ్ళ ఇంటికి ఎడమొహం పెడమొహంగా రెండు కొడవళ్ళు. ఊరంతా పెద్దరికంగా తొడుక్కుని తిరిగే చొక్కాల కాలర్ల వెనక మా వాళ్ళ ఎగతాళి తరాల నుంచి ఉంది. నేను పడీపడీ నవ్వాను. "అందుకే బయటికి రాకూడదే" అంది అమ్మ.

"ఇవి ఉతికేవాళ్ళ స్క్రీన్ మీదే ఉంటాయమ్మా. ఇళ్ళవాళ్ళకి కనపడవు. నా మీద ఒట్టు" అన్నాను.

రెండు నెలలు మధ్యాహ్నాలు అదే పని. ఇస్త్రీ బల్ల మీద అమ్మ తడి వేలితో గుర్తు గీసేది, అది ఆరేలోపు నేను ల్యాప్‌టాప్‌లో ఎక్కించేదాన్ని. గీతలు సాపుగా వస్తే ఒప్పుకునేది కాదు. "అంత నిక్కచ్చిగా ఉండదది. మీ తాతకి చెయ్యి వణికేది, ఆ వణుకు కూడా రావాలి" అనేది. నేను వణుకు కూడా గీశాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు, ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అన్ని గుర్తుల్లోనూ కింద చుక్క ఉన్నది ఒక్కటే. పెద్ద బజారులో ఉండే అమ్మగారి ఇంటి గుర్తు, రెండు నిలువు గీతల మీద ఒక అడ్డగీత. అదే గుర్తు కింద చుక్కతో ఇంకొకటి అమ్మ గీసింది. వేరుపడ్డ అన్నదమ్ములకైతే పక్కన గీత చేరుస్తుందని నాకు తెలుసు. చుక్క ఏమిటని అడిగాను. అమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వాకిలి వైపు చూసింది.

"అమ్మగారి ఇంటాయనకి నందిగామలో ఇంకో ఇల్లుంది. పద్దెనిమిదేళ్ళయింది. ఆ మూట కూడా నువ్వే వెయ్యి, బయటివాళ్ళయితే నోరు జారతారని ఆయనే అడిగాడు. ఆయన పంచెలు రెండిళ్ళ నుంచీ వస్తయ్. అక్కడిది ఇక్కడికి వెళ్ళిందనుకో, ఆ తల్లి కాపురం ఏమవుద్ది? అందుకని చుక్క. మీ నాన్న పోయేదాకా ఆయనకి కూడా చెప్పలా. నీకు కాబట్టి చెప్పా."

తలూపాను. గీశాను. చుక్క ఎంత లావుండాలో కూడా అడిగాను.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు స్క్రీన్‌ని ఎవరూ మొత్తంగా గీయరు, ముక్కలుగా కట్టుకుంటారు. బటన్ ఒక ముక్క, ఇంటి వివరాల కార్డు ఒక ముక్క, ఐకాన్ ఒక ముక్క. వీటిని కాంపొనెంట్లంటారు. ఐకాన్ కాంపొనెంట్‌ని ఒక్కసారి కుదురుగా కడితే చాలు. ఏ గుర్తో చెప్తే ఆ గుర్తు, ఏ సైజు చెప్తే ఆ సైజు ఇస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఒక్క లైనుతో పెట్టుకోవచ్చు. నేను ఇంకా తెలివి చూపించాను. మూల గుర్తులు ఒకచోట, వాటికి చేర్చే పక్క గీత, కింది చుక్క వేరేచోట పెట్టాను. ఏ ఇల్లు ఏ ఇంటి కొమ్మో కోడ్ చూస్తే ఇట్టే తెలిసేది. అమ్మ ఇళ్ళన్నీ, ఊరి పేర్లతో సహా, నేనే ఎక్కించాను. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

మొదటిసారి ఆ స్క్రీన్‌తో అమ్మ ఒక వ్యాను బట్టలు ఎవర్నీ ఏమీ అడగకుండా ఇల్లిల్లుగా విడదీసి పంపిన రోజు, నేనూ నా స్నేహితురాలూ నందిగామ మేడ మీద మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని కూర్చున్నాం. ఒక్కో గుర్తు వెనకాల కథ చెప్పమంది. వంకర గీత చెప్పాను, కొక్కెం చెప్పాను, కొడవళ్ళు చెప్పాను. ఇద్దరం కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఆ నవ్వులో చుక్క కూడా చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి ఇల్లో చెప్పలేదు, గుర్తు చూపించానంతే. గుర్తు చూపించాక పేరెందుకు? ఆమె నవ్వు ఆపి నా తల మీద చెయ్యి పెట్టింది.

"నా కడుపులోంచి బయటికి రాదే. ఒట్టు" అంది.

నేను నమ్మాను. నాలుగేళ్ళు నా క్యారేజీలో తిన్న మనిషిని నమ్మక ఎవర్ని నమ్మాలి? ఇప్పటికీ ఆ చెయ్యి నా నెత్తి మీద ఉన్నట్టే ఉంటుంది, దువ్వుకునేటప్పుడల్లా కోపం వస్తుంది.

అప్లికేషన్‌ని పేటకు కూడా తెచ్చినప్పుడు, బట్టలు ఎప్పుడొస్తాయో ఇళ్ళవాళ్ళు చూసుకునే స్క్రీన్లు వేరే కట్టాను. వాటిలో గుర్తు ఎక్కడా లేదు. పెద్ద బజారు అమ్మగారి ఫోన్లో నేనే దగ్గరుండి పెట్టాను. నేను పదో తరగతి పాసైతే పెన్ను కొనిచ్చిన మనిషి ఆవిడ. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "మా అమ్మాయికన్నా నువ్వే నయం, విసుక్కోకుండా చెప్తావు" అన్నది. ఎక్కడ నొక్కాలో మూడుసార్లు నేర్పించాను. నేర్పించింది నేనే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఇది దాటేయాలని చాలాసార్లు అనిపిస్తుంది.

ఒక బుధవారం పొద్దున ఆవిడ మేము బట్టలు ఉతికే షెడ్డుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు, మూట కోసం అమ్మే వెళ్ళేది. అమ్మ గబగబా కుర్చీ తుడిచి వేసింది. ఆవిడ కూర్చోలేదు. ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇదేందో కాస్త చదివి పెట్టమ్మా. కళ్ళజోడు తేలా" అంది.

కళ్ళజోడు మెళ్ళో వేలాడుతూనే ఉంది. నేను ఫోన్ చూశాను. ఇంటి వివరాల కార్డు మీద, నేను ఎన్నడూ పెట్టని చోట, రెండు గీతల మీద అడ్డగీత నల్లగా మెరుస్తోంది. దాన్ని నొక్కితే ఇంకో పేజీ వచ్చింది. అది నేను కట్టింది కాదు. కానీ అందులో ఉన్న ప్రతి ముక్కా నాదే.

"చదువు" అందావిడ.

చదివాను. "మీ ఇంటి గుర్తు. తరతరాల నుంచి మీ బట్టల మీద ఉన్న గుర్తు ఇది. ఈ గుర్తున్న ఇళ్ళు రెండు. జగ్గయ్యపేట. నందిగామ." కింద రెండు గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి చుక్క లేకుండా, ఒకటి చుక్కతో. "కింద చుక్క ఉంటే, అదే కుటుంబానికి మరో ఇల్లు."

షెడ్డులో వాషింగ్ మిషన్ తిరుగుతూ ఉంది. అమ్మ వెళ్ళి దాన్ని ఆపింది. ఆపకపోతే బాగుండేది, ఆ తర్వాతి మాటలన్నీ స్పష్టంగా వినపడ్డాయి.

"నందిగామ సంగతి నాకు తెలుసు" అందావిడ అమ్మతో. "పన్నెండేళ్ళ నుంచీ తెలుసు. నీకు తెలుసని నాకు తెలియదు. వారం వారం నా గుమ్మంలో నిలబడి, నా చేతుల్లోంచి మూట తీసుకుని, నా మొహంలోకి చూస్తూ... అన్నాళ్ళూ తెలుసా నీకు?"

అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నా చీరలూ దాని చీరలూ ఒక్క దండెం మీదేనా ఆరేసింది?"

"లేదమ్మగారూ!" అమ్మ గొంతు అప్పుడు లేచింది. "ఆ ఇంటివి మంగళవారం. మీవి శుక్రవారం. పద్దెనిమిదేళ్ళలో ఒక్కనాడు కలిపిన పాపాన పోలా. ఆ చుక్క పెట్టిందే అందుకు."

ఆవిడ అమ్మ వైపు ఒక అడుగు వేసింది. "ఎవరికీ తెలియదనుకునే ఊళ్ళో తలెత్తుకు తిరిగా. నువ్వు నా ఎదురుగా నిలబడి జాలిపడుతున్నావని తెలిస్తే, నా బట్టలు నేనే ఉతుక్కునేదాన్ని" అని, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. గేటు దగ్గర ఆగి, "శుక్రవారం రావద్దు" అని వెళ్ళిపోయింది.

అమ్మ నన్ను తిట్టలేదు. "చుక్క సంగతి నీకొక్కదానికే చెప్పా" అంది. అంతే. మిషన్ మళ్ళీ వేసింది.

నేను ఉన్న బట్టలతో నందిగామ బస్సెక్కాను. దారి పొడుగునా తిట్లు కూడబెట్టుకున్నాను. మేడ మెట్లెక్కేసరికి నా స్నేహితురాలు నవ్వుతూ ఎదురొచ్చింది. ముందురోజు హైదరాబాదు నుంచి పెద్దమనుషులు వచ్చి అప్లికేషన్ చూశారట. ఆ గుర్తుల పేజీ చూసి చప్పట్లు కొట్టారట.

"ఎవరే పెట్టమన్నది ఆ పేజీ?" అన్నాను.

"సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా. మీ అమ్మగారి పనికి ఎంత గౌరవం వచ్చిందో తెలుసా?"

"గౌరవమా? పెద్ద బజారు అమ్మగారు మా షెడ్డుకొచ్చి వెళ్ళింది. ఇళ్ళవాళ్ళకి కనపడవని అమ్మకి ఒట్టేశానని నీకు చెప్పలా?"

ఆమెకు విషయం అర్థమైంది. మొహం మాడింది. కానీ తప్పైపోయింది అనే ఒక్క మాట ఆ నోట్లోంచి రాలేదు. "ఎవరి పేరూ రాయలేదు కదే. కొక్కేలూ కొడవళ్ళూ ఏవీ పెట్టలా. మరో ఇల్లనే కదా రాశా, నువ్వు చెప్పిన మాటకన్నా మర్యాదగానే రాశా. నేను పెట్టింది ఒక్క లైను. ఎక్కడైనా ఒక్క లైనుతో పెట్టుకోవచ్చని నువ్వేగా కట్టింది?"

"నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావే!"

"మరి నువ్వు మీ అమ్మగారికి ఒట్టెయ్యలేదా?" అంది.

బస్సులో కూడబెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఆమెను అందామనుకున్నాను. ఆ సామెత మా అమ్మ నన్ను అనాలి. ఆమె కుర్చీలోనే కూర్చుని, ఆ కాంపొనెంట్‌ని తీసేశాను. తీసిన మరుక్షణం అన్ని స్క్రీన్ల మీదా గుర్తులున్న చోట ఖాళీ గడులు మిగిలాయి. ఒక్కచోట తీస్తే అన్నిచోట్లా పోతుంది, అదీ మా వృత్తిలో గొప్పే. లేచి వచ్చేశాను, ఆమె ఆపలేదు.

పాత కాపీలోంచి మర్నాడే మళ్ళీ పెట్టిందని తర్వాత తెలిసింది. చుక్క ఒక్కటి తీసేసిందట, ఎంత దయో. ఇప్పుడు నందిగామ అపార్టుమెంట్లలో లిఫ్టు పక్కన అంటించిన కాగితాల మీద, బట్టలు తెచ్చే సంచుల మీద మా గుర్తులు వరసగా అచ్చు వేసి ఉన్నాయి. కింద ఆమె ఆఫీసు పేరుంది. మొన్న బస్టాండు దగ్గర ఒకాయన చేతిలో ఆ సంచి చూశాను. మా తాత చెయ్యి వణికిన గీత ఆ సంచి మీద ఉంది. ఆయన దాన్ని బెంచీ మీద పరిచి కూర్చున్నాడు. లాక్కుందామన్నంత కోపం వచ్చింది, కానీ ఆయనకేం తెలుసు?

పెద్ద బజారు మూట ఆగిపోయింది. నందిగామ మూట కూడా అమ్మే వద్దని కబురు చేసింది. మంగళవారం, శుక్రవారం అమ్మ దండేల మీద పైవాళ్ళ బట్టలు వెయ్యదు. ఆ రోజుల్లో వేరే ఇళ్ళవి ఆరేయొచ్చు కదా అని ఒకసారి అన్నాను. అమ్మ మడతల పనిలో పడింది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే తల పట్టి చూస్తుంది, నీళ్ళు కాచిందీ లేనిదీ చెప్తుంది. కానీ ఎవరింట్లో ఏం జరిగిందో, ఏ కోడలు అలిగిందో, ఏ మూటలో ఏం దొరికిందో, మధ్యాహ్నాలు ఇస్త్రీ బల్ల దగ్గర నాకు చెప్పే కబుర్లు మాత్రం ఆగిపోయాయి. నేను షెడ్డులోకి వస్తే పక్కింటావిడతో మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మా అమ్మ పట్టుకుంది, పట్టుకుని ఇంట్లోనే ఉంచుకుంది.

పోయిన శుక్రవారం బయటికి వెళ్దామని నా తెల్ల చున్నీ తీశాను. మడత విప్పుతుంటే మూలన ఏదో నల్లగా కనపడింది. మరకనుకుని గోటితో గీకాను. మరక కాదు. ఒక నిలువు గీత, కింద చుక్క. అంచున సున్నం ఇంకా తెల్లగా ఉంది. బీరువాలో ఉన్నవన్నీ తీసి చూశాను. కుర్తాల మెడ లోపల, దుప్పటి అంచున, చివరికి తువ్వాలుకు కూడా ఉంది.

చున్నీ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. అమ్మ ఇస్త్రీ చేస్తోంది. వేలి కొస మీద జీడి కాలిన పుండు కొత్తగా ఉంది.

"ఇదేంటమ్మా, నా బట్టలకి?" అన్నాను.

అమ్మ తలెత్తలేదు.

"కలిసిపోకుండా" అంది.

ఆ పూట దండెం మీద మా ఇద్దరి బట్టలే ఉన్నాయి.